కూలెంట్ దీపం వెలిగాక మొదటి రెండు నిమిషాలు

నమస్కారమండి. ఈ బల్ల మీద పెట్టినవి వెనక వరసలకు కూడా కనిపిస్తున్నాయనుకుంటాను. ఒక రేడియేటర్ మూత, ఒక థర్మోస్టాట్, నిలువుగా కోసిన ఒక హోస్ పైపు, ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, ఉండే డబ్బా ఒకటి. ఇవాళ్టి మాటంతా వీటి చుట్టూనే.

మీటర్ బోర్డు మీద ఆ ఎర్ర బొమ్మ వెలగ్గానే చాలామంది నోట్లోంచి వచ్చే మాట ఒకటే. "ఇంకెంత, రెండు కిలోమీటర్లేగా, వెళ్లాక చూసుకుందాం." ఇంజన్లను చంపేది ఆ రెండు కిలోమీటర్లే. దీపం వెలిగిన చోటే ఆపేస్తే ఎక్కువసార్లు ఒక పైపో, ఒక మూతో, ఒక ఫ్యూజో మార్చుకుని బయటపడొచ్చు. అదే బండిని ఇంకాస్త లాగితే హెడ్డు, అంటే ఇంజన్ పైభాగం, విప్పాలి. అందుకే బాగుచేయడం గురించి తర్వాత చూద్దాం, ముందు ఆపడం గురించి మాట్లాడుకుందాం.

ఆ దీపం ఏం చెబుతోందో చదవడం తెలియాలి. అది ఒక దీపం కాదు, రెండు మూడు దీపాలు. అలల మీద నిలబెట్టిన థర్మామీటర్ బొమ్మ ఎర్రగా వెలిగితే ఇంజన్ వేడి హద్దు దాటిందని. అదే బొమ్మ నీలంగా వెలిగితే కంగారు అక్కర్లేదు, ఇంజన్ ఇంకా చల్లగా ఉంది, కాసేపు గట్టిగా రేజ్ చేయకు అంటోంది. కొద్ది నిమిషాల్లో దానంతటదే ఆరిపోతుంది. తొట్టిలో నీటి గీతలా ఉండే బొమ్మ పసుపుగా వెలిగితే డబ్బాలో కూలెంట్ తగ్గిందని. కొన్ని బండ్లలో ఒకే దీపం రెండు పనులూ చేస్తుంది, నిలకడగా వెలిగితే ఒక అర్థం, మెరుస్తూ ఉంటే ఇంకో అర్థం. మీ బండి పుస్తకంలో ఆ ఒక్క పేజీ ఇవాళే తీసి చూసుకోండి. రోడ్డు పక్కన ఆవిరి కక్కుతున్నప్పుడు చదివే పేజీ కాదది. ఇంకో సంగతి, మట్టం చెప్పే సెన్సరే లేని బండ్లు చాలా ఉన్నాయి. వాటిలో కూలెంట్ మెల్లగా కారిపోతున్నా ఏ దీపమూ వెలగదు, నేరుగా వేడెక్కాకే తెలుస్తుంది.

వేడి చూపించే ముల్లు ఉన్న బండి కదా, ముల్లు చూసుకుంటే చాలదా అంటారు. ముల్లు మీద నాకు అంత నమ్మకం లేదు. చాలా బండ్లలో ఆ ముల్లుని కావాలనే మొద్దుబార్చి పెడతారు. ఇంజన్ సుమారు 80 డిగ్రీల దగ్గర ఉన్నా, 105 డిగ్రీల దగ్గర ఉన్నా ముల్లు నడిమధ్యలోనే నిలబడుతుంది. లేకపోతే ప్రతి ఎత్తు దగ్గరా కాస్త పైకి, దిగేటప్పుడు కాస్త కిందికి ఊగుతుంటే నడిపేవాళ్లు బెంబేలెత్తిపోతారని. కాబట్టి ముల్లు మధ్యగీత దాటి కదిలిందంటే అప్పుడే మొదలైన వేడి కాదు, లోపల చాలా ముందే మొదలైంది. ఎర్రగీత దాకా వెళ్లనివ్వాల్సిన పని లేదు.

దానికంటే పెద్ద మోసం ఇంకోటుంది. ముల్లు పైకి పోయి పోయి, ఉన్నట్టుండి కిందికి పడిపోతుంది. "హమ్మయ్య, చల్లబడింది" అనుకుంటారు. చల్లబడలేదండి. ఉష్ణోగ్రత కొలిచే సెన్సరు కూలెంట్‌లో మునిగి ఉండాలి. కూలెంట్ కారిపోయి సెన్సరు గాల్లో తేలితే, అది ఇంజన్ వేడిని కాకుండా ఆ ఖాళీలో ఉన్న గాలి వేడిని చెబుతుంది. లోహమేమో కాలిపోతుంటుంది, ముల్లేమో చల్లగా ఉందంటుంది. దీన్ని పట్టుకోవడానికి సీట్లోంచి కదలకుండా చేసే పరీక్ష ఒకటుంది. హీటర్‌ని పూర్తి వేడికి తిప్పి బ్లోయర్ పెట్టండి. నడిచి వేడెక్కిన బండిలో సెగలాంటి గాలి రావాలి. చల్లగాలి వస్తోందంటే హీటర్ కోర్‌లోకి, అంటే హీటర్ లోపలి చిన్న రేడియేటర్‌లోకి, వేడి కూలెంట్ రావడం లేదు. అంటే కూలెంట్ అయిపోయింది, లేదా వాటర్ పంపు దాన్ని తిప్పడం మానేసింది. ఆ క్షణమే ఇంజన్ ఆపాలి, ఇంక లెక్కలేం లేవు.

సరే, మొదటి రెండు నిమిషాలు. దీపం వెలిగింది. మొదట ఏసీ ఆపండి. ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కి సరిగ్గా ముందు ఉంటుంది, అది వదిలిన వేడి గాలే వెనకనున్న రేడియేటర్ పీల్చుకుంటుంది. పైగా కంప్రెసర్ బరువు ఇంజన్ మీదే. రెండోది, ఇందాక చెప్పిన హీటర్. అది లోపలున్న చిన్న రేడియేటర్, ఇంజన్ వేడిలో కొంత భాగాన్ని లాగి మన మొహాన కొడుతుంది. అద్దాలు దించుకోండి, చెమటలు పడితే పడతాయి. యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేసి, హజార్డ్ లైట్లు వేసి, రోడ్డు పక్కన బండి నిలబెట్టగలిగే చోటు చూసుకోండి. ఇవన్నీ చోటు దొరికేదాకా ఇంజన్‌కి కాస్త ఊపిరి ఇవ్వడానికి. ప్రయాణం కొనసాగించడానికి కాదు.

పక్కకు తీసుకునే తీరిక కూడా ఇవ్వని గుర్తులు కొన్ని ఉన్నాయి. బానెట్ అంచుల్లోంచి ఆవిరి వస్తోంది. హీటర్ చల్లగాలి ఊదుతోంది. ఇంజన్‌లోంచి టకటకమని కొట్టుకుంటున్న శబ్దం, బండి లాగడం లేదు. వీటిలో ఏది కనిపించినా, ప్రమాదం లేకుండా ఆగగలిగిన మొదటి చోటే ఇంజన్ ఆపేయండి. ఇంకో గుర్తు చాలామందికి తట్టదు, వేడి దీపంతో పాటు బ్యాటరీ దీపం కూడా వెలగడం. అంటే బెల్టు తెగి ఉండొచ్చు. చాలా ఇంజన్లలో బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నీ వాటర్ పంపునీ తిప్పేది ఒకే బెల్టు. అది పోతే పంపు లేదు, నడపడానికి ఒక్క నిమిషం కూడా లేదు.

ట్రాఫిక్‌లో ఇరుక్కుని ముల్లు ఎక్కుతుంటే న్యూట్రల్‌లో పెట్టి 1500 ఆర్‌పీఎం దాకా రేజ్ చేయమని ఒక పాత సలహా ఉంది. పంపు వేగంగా తిరుగుతుంది కాబట్టి అందులో తర్కం లేకపోలేదు. కానీ అది కూలెంట్ నిండుగా ఉండి, ఫ్యాన్ తిరుగుతుంటేనే పనికొస్తుంది. ఒక నిమిషం చూడండి, ముల్లు దిగకపోతే ఆపేయండి. కూలెంట్ కారిపోతున్న ఇంజన్‌ని రేజ్ చేయడమంటే దాన్ని మరింత త్వరగా ఖాళీ చేయడమే.

ఇంజన్ ఆపాక తాళం ఆన్‌లోనే ఉంచితే ముల్లు ఇంకాస్త పైకి పోవడం కనిపిస్తుంది. కంగారు పడకండి. పంపు ఆగిపోయింది, లోహంలో నిలవ ఉన్న వేడంతా కదలని కూలెంట్‌లోకి దిగుతోంది, అంతే. కరెంటు ఫ్యాన్ ఉన్న చాలా బండ్లలో తాళం ఆన్‌లో ఉంటే ఫ్యాన్ తిరుగుతూ రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. కొన్నింటిలో తాళం తీసేసినా తిరుగుతుంది, ఆగి ఉన్నది ఉన్నట్టుండి కూడా మొదలవుతుంది. అందుకే బానెట్ ఎత్తాక ఫ్యాన్ దరిదాపుల్లోకి చెయ్యి పోనివ్వొద్దు. ఆవిరి వస్తుంటే బానెట్ అసలు ఎత్తొద్దు, లోపలి నుంచి లాక్ మాత్రం లాగి, ఆవిరి తగ్గేదాకా దూరంగా నిలబడండి.

ఇప్పుడు ఈ మూత. దగ్గరగా చూడండి. పైన ఒక అంకె అచ్చేసి ఉంది, 1.1. అంటే 1.1 బార్ ఒత్తిడి. ఎక్కువ బండ్లలో ఇది 0.9 నుంచి 1.4 మధ్య ఉంటుంది. తిప్పి చూస్తే స్ప్రింగు, దాని కింద పెద్ద రబ్బరు వాషరు, నడుమ గోరంత చిన్న వాల్వు. లోపలి ఒత్తిడి ఆ అంకె దాటితే స్ప్రింగు లేచి కూలెంట్‌ని డబ్బాలోకి వదులుతుంది. ఇంజన్ చల్లారి లోపల వెలితి ఏర్పడితే నడుమనున్న చిన్న వాల్వు తెరుచుకుని డబ్బాలోంచి వెనక్కి పీలుస్తుంది. ఈ రబ్బరు గట్టిపడి పగిలితే మూత ఒత్తిడిని పట్టుకోలేదు. అప్పుడు అంతా బాగానే ఉన్న బండి కూడా ఎత్తులెక్కేటప్పుడు పొంగిపోతుంది. రెండు నిమిషాల్లో మార్చేసే వస్తువు, చాలామంది చివరగా అనుమానించేదీ ఇదే.

ఒత్తిడి ఎందుకు? నీళ్లు సగం, గ్లైకాల్ సగం కలిపిన కూలెంట్ మామూలు గాలి ఒత్తిడిలో సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత ఒక బార్ ఒత్తిడి పట్టుకుంటే మరిగే వేడి 125 డిగ్రీలు దాటుతుంది. వంటింట్లో ప్రెషర్ కుక్కర్ చేసే పనే. ఇప్పుడు వేడిగా ఉన్న మూత తీస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం. లోపల ఐదు లీటర్ల ఉత్త నీళ్లు 115 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకోండి. మూత తీయగానే ఒత్తిడి పోతుంది, ఆ నీళ్లు 100 డిగ్రీలకు దిగాలి. ఆ 15 డిగ్రీల వేడి ఎక్కడికి పోతుంది? నీళ్లలో సుమారు మూడు శాతాన్ని అప్పటికప్పుడు ఆవిరి చేస్తుంది. ఐదు లీటర్లలో మూడు శాతం అంటే 150 మిల్లీలీటర్లు, చిన్న గ్లాసుడు. కానీ ఆ గ్లాసుడు నీళ్లు ఆవిరైతే సుమారు 250 లీటర్లు. అదంతా ఈ రెండు వేళ్ల వెడల్పు కంతలోంచి, మిగిలిన మరిగే నీళ్లను ముందుకు తోసుకుంటూ, పైన వంగి చూస్తున్న మొహం మీదికి వస్తుంది. చేతికి గుడ్డ చుట్టుకున్నాను కదా అనేది మొహాన్ని కాపాడదు.

కాబట్టి ఆగాలి. కనీసం 30 నిమిషాలు. గట్టిగా మరిగిపోయిన ఇంజన్ అయితే గంట. గడియారం కంటే నమ్మకమైనది పై హోస్ పైపు, రేడియేటర్ పైభాగాన్ని ఇంజన్‌కి కలిపే లావు పైపు. మందపాటి గుడ్డ అడ్డం పెట్టుకుని నొక్కండి. గట్టిగా, గాలి నిండిన సైకిల్ ట్యూబులా ఉంటే లోపల ఒత్తిడి ఉంది, తీయొద్దు. మెత్తగా లొంగితే, చెయ్యి పెట్టగలిగేంత చల్లారితే, అప్పుడు మూత మీద మడతపెట్టిన గుడ్డ వేసి, మొహం పక్కకు తిప్పి, పావు చుట్టు తిప్పండి. బుస్సుమంటే అక్కడే ఆగండి. ఆ శబ్దం పూర్తిగా ఆగాకే మిగతా చుట్టు.

తీశారు, లోపల కూలెంట్ కనిపించడం లేదు. ఇప్పుడు పోయాలి. ఇక్కడ జరిగే తప్పు, మండుతున్న ఇంజన్‌లో చల్లటి నీళ్లు గుమ్మరించడం. కాలిన గాజు గ్లాసులో చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో హెడ్డుకీ అదే అవుతుంది, లోహం పగులుతుంది. ఇంజన్ చల్లారాక మెల్లగా పోయండి. ఏం పోయాలి? చేతిలో సరైన కూలెంట్ ఉంటే అది. లేకపోతే డిస్టిల్డ్ వాటర్. అదీ లేకపోతే శుభ్రమైన తాగే నీళ్లు, ఆ పూటకి పనికొస్తాయి. ఉప్పునీళ్లు మాత్రం ఎప్పుడూ వద్దు. కుళాయి నీళ్లే నెలల తరబడి పోసుకుంటూ పోతే ఏమవుతుందో ఈ కోసిన పైపులో చూడండి, లోపల గోడకి పట్టిన ఈ తెల్లటి పెచ్చు. కాల్షియం అది. ఇదే పెచ్చు రేడియేటర్ లోపలి సన్నటి గొట్టాల్లో పడితే వేడి బయటికి పోదు.

ఎంత పోశారో గుర్తుంచుకోండి, అంకెతో సహా. డబ్బాలో మిన్ గీతకు కాస్త కిందికి వస్తే ఓ పావు లీటరు పోసి, ఆ తర్వాత కొద్ది రోజులు గమనిస్తే చాలు. లీటరు, లీటరున్నర తాగిందంటే మాత్రం ఎక్కడో కారుతోంది, అనుమానమే అక్కర్లేదు. ఈ అంకె మెకానిక్‌కి చెప్పాల్సిన మొదటి మాట. ఇంకో లెక్క. మీ బండిలో మొత్తం ఆరు లీటర్లు పడతాయి, సగం సగం కలిపిన కూలెంట్. అందులో రెండు లీటర్లు కారిపోతే ఉత్త నీళ్లు రెండు లీటర్లు పోశారు. ఇప్పుడు గ్లైకాల్ మూడు లీటర్లు కాదు, రెండే. 50 శాతం కాస్తా 33 శాతం అయింది. మరిగే వేడి తగ్గింది, గడ్డకట్టే వేడి పెరిగింది, తుప్పు ఆపే రసాయనాలు పల్చబడ్డాయి. అందుకే రోడ్డు మీద పోసిన నీళ్లను వర్క్‌షాప్‌లో తీయించి, మళ్లీ సరైన పాళ్లలో నింపించుకోవాలి.

అయితే మొత్తం గ్లైకాలే పోస్తే ఇంకా మంచిది కదా అని కొందరు చిక్కటి కూలెంట్ నేరుగా నింపేస్తారు. అది తప్పు. వేడిని మోసుకుపోవడంలో నీళ్లే బలవంతులు, గ్లైకాల్ కాదు. పైగా సగం కలిపిన మిశ్రమం సుమారు సున్నాకి 37 డిగ్రీల కింద గడ్డకడితే, ఉత్త ఇథిలీన్ గ్లైకాల్ సున్నాకి 13 డిగ్రీల కిందకే గడ్డకడుతుంది. గ్లైకాల్ 70 శాతం దాటకూడదు. సీసా మీద "కలిపి వాడాలి" అని ఉందా, "నేరుగా వాడొచ్చు" అని ఉందా చూసుకోండి. నేరుగా వాడేదాంట్లో మళ్లీ నీళ్లు కలిపేవాళ్లూ ఉన్నారు.

రంగు సంగతి ఒక్క మాటలో. పచ్చ, ఎరుపు, నీలం, నారింజ అనే రంగులకు అందరూ ఒప్పుకున్న ప్రమాణం ఏదీ లేదు. అది కంపెనీ వేసుకున్న రంగు. రెండు పచ్చ సీసాల్లో రెండు వేర్వేరు రసాయనాలు ఉండొచ్చు. బండి పుస్తకంలో రాసిన ప్రమాణం సంఖ్య సీసా మీద ఉందా లేదా, అదొక్కటే చూడండి. తెలియనివి రెండు కలిపితే తుప్పు ఆపే గుణం పడిపోతుంది, కొన్ని జోడీలు జిగురు కట్టి సన్నటి దారులు మూసేస్తాయి.

పోశాక గాలి. ఇది చాలామంది మరిచిపోయేది. ఖాళీ అయిన ఇంజన్‌లో కూలెంట్ పోస్తే మూలల్లో గాలి బుడగలు ఇరుక్కుంటాయి. బుడగ ఉన్నచోట కూలెంట్ తగలదు, అక్కడ లోహం హద్దు దాటి వేడెక్కుతుంది. మూత బిగించకుండా ఇంజన్ స్టార్ట్ చేసి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, ఐడ్లింగ్‌లో వదలండి. వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం గబుక్కున దిగుతుంది, ఇంకాస్త పోయండి. గాలి వదిలే స్క్రూ ఉన్న బండ్లలో దాన్ని వదులు చేసి, బుడగల్లేని ధార వచ్చాక బిగించాలి. ఆ తర్వాత మూత పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా చూడండి. లోపల వేడిగాలి నిలకడగా వస్తోందంటే గాలి పోయినట్టే. మర్నాడు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం మళ్లీ చూసుకోవాలి, మిన్, మ్యాక్స్ గీతలు చల్లటి ఇంజన్ కోసం గీసినవి.

ఇప్పుడు అసలు జబ్బు. ఎప్పుడు వేడెక్కుతోంది అని అడిగితే సగం జబ్బు తెలిసిపోతుంది. సిగ్నళ్ల దగ్గర, ట్రాఫిక్‌లో వేడెక్కి, రోడ్డు దొరకగానే తగ్గిపోతుంటే ఫ్యాన్. వేగంగా పోతున్నప్పుడు గాలి తనంతట తానే రేడియేటర్‌లోంచి దూసుకుపోతుంది, ఆగినప్పుడే ఫ్యాన్ అవసరం. పరీక్ష తేలిక. చాలా బండ్లలో ఏసీ వేస్తే ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, అంటే ఫ్యాన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్చు. పెట్టెలో అదే నంబరున్న ఇంకో రిలే ఉంటే, హారన్‌ది లాంటిది, తీసి ఇక్కడ పెట్టి చూడండి. ఆ తర్వాతే మోటారు. కనెక్టర్ కరిగి ఉండటం కూడా మామూలే, ప్లాస్టిక్ గోధుమరంగుకి మారి ఉంటుంది.

దీనికి తిరగేసి, సిటీలో బాగుండి, హైవే మీద, ఎత్తుల్లో వేడెక్కుతుంటే కూలెంట్ సరిగా పారడం లేదు, లేదా రేడియేటర్ వేడిని వదలడం లేదు. రేడియేటర్ గొట్టాలు పూడుకుపోయి ఉండొచ్చు, రెక్కల మధ్య మట్టి పట్టి ఉండొచ్చు, వాటర్ పంపు లోపలి చక్రం అరిగి ఉండొచ్చు. కింది హోస్ పైపు పాతబడి, రేజ్ చేసినప్పుడు పంపు పీల్పుకి లోపలికి నొక్కుకుపోవడం ఇంకోటి. ఒకరు రేజ్ చేస్తుంటే ఇంకొకరు బయట నిలబడి ఆ పైపు చూస్తే కళ్లకు కనిపిస్తుంది.

స్టార్ట్ చేసిన పది నిమిషాల్లోనే వేడెక్కి, పై పైపు కాలిపోతూ కింది పైపు చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకుని పట్టేసింది. ఇదిగో, ఇది థర్మోస్టాట్. ఈ ఇత్తడి గుండు లోపల మైనం ఉంది. వేడికి మైనం కరిగి ఉబ్బి, ఈ కడ్డీని తోసి, ఈ పళ్లాన్ని లేపుతుంది. అంచున అచ్చేసిన అంకె 88, అంటే 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలు. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో పది పన్నెండు డిగ్రీలు పడుతుంది. అనుమానముంటే దారం కట్టి గిన్నెడు నీళ్లలో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి కాయండి. నీళ్లు మరిగినా పళ్లెం లేవకపోతే దాని పని అయిపోయింది.

"అసలు థర్మోస్టాటే తీసేయండి, గొడవ వదిలిపోతుంది" అనే సలహా మీరు వినే ఉంటారు. వినకండి. ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, కంప్యూటర్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, పి0128 అనే కోడుతో ఇంజన్ దీపం వెలుగుతుంది. ఇంకా విచిత్రం, కొన్ని ఇంజన్లలో ఈ కింది పళ్లెం బైపాస్ దారిని మూసే పని చేస్తుంది. థర్మోస్టాట్ తీసేస్తే ఆ దారి తెరుచుకునే ఉండి, కూలెంట్ రేడియేటర్‌కి పోకుండా ఇంజన్‌లోనే చుట్టూ తిరుగుతుంది. వేడి తగ్గించబోయి పెంచుకున్నట్టు.

కారడం వెతకడానికి కళ్లతో పాటు ముక్కు కూడా వాడండి. కూలెంట్ ఎండిన చోట తెల్లగానో, దాని రంగులోనో పొడి పొడిగా పేరుకుంటుంది. రేడియేటర్‌లో ప్లాస్టిక్ డబ్బాని అల్యూమినియంకి మడిచి నొక్కిన అంచు, హోస్ క్లిప్పుల దగ్గర, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం. ఆ రంధ్రం తయారీ లోపం కాదు, సీలు పోతే కూలెంట్ బేరింగులోకి పోకుండా బయటికి కారాలని పెట్టిందే. అక్కడ తడి కనిపిస్తే పంపు మార్చాలి. బండి లోపల తియ్యటి వాసన, ముందు అద్దానికి లోపల జిడ్డు పొర, కాళ్ల దగ్గర కార్పెట్ తడి ఉంటే హీటర్ కోర్ కారుతోంది. బయట ఎక్కడా ఏమీ కనిపించకపోతే వర్క్‌షాప్‌లో చేతి పంపుతో, మూత మీదున్న ఒత్తిడి దాకా గాలి కొట్టి పావుగంట వదిలేస్తారు. ఆ పంపు మీటర్ ముల్లు దిగితే ఎక్కడో పోతోంది.

బయటికి పోకుండా కూలెంట్ మాయమవుతోందంటే హెడ్ గ్యాస్కెట్‌ని, అంటే హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య వేసే పలుచటి సీలుని, అనుమానించాలి. ఎందుకు పోతుందో చెబుతాను. చాలా ఇంజన్లలో హెడ్డు అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుముకి రెట్టింపు సాగుతుంది. 400 మిల్లీమీటర్ల పొడవున్న హెడ్డు మామూలు వేడి మీద ఇంకో 50 డిగ్రీలు ఎక్కిందనుకుంటే, అల్యూమినియం 0.46 మిల్లీమీటర్లు సాగుతుంది, ఇనుము 0.22. రెండింటినీ బోల్టులు కదలకుండా పట్టి ఉంచుతాయి, కాబట్టి హెడ్డు వంగుతుంది, నడుమనున్న గ్యాస్కెట్ నలుగుతుంది. హెడ్డు విప్పాక సమతలపు పట్టీ పెట్టి, కింద ఫీలర్ గేజి, అంటే మందం తెలిసిన సన్నటి రేకు, దూర్చి వంపు కొలుస్తారు. చాలామంది తయారీదారులు ఒప్పుకునే వంపు 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్లు, తల వెంట్రుక మందం. దీపం వెలిగాక నడిపిన రెండు కిలోమీటర్లు ఖర్చయ్యేది ఇక్కడ.

గుర్తులేమిటంటే, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషం రెండు నిమిషాలకే పై పైపు గట్టిపడటం, డబ్బాలో బుడగలు ఆగకుండా రావడం, వేడెక్కాక కూడా సైలెన్సర్‌లోంచి తియ్యటి వాసనతో తెల్లపొగ. ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి జిగురు కూడా ఒక గుర్తే. కానీ చిన్న చిన్న దూరాలే తిరిగే బండికి చెమ్మ వల్ల కాస్త అలాంటిది పడుతుంది, దాన్ని ఒక్కదాన్ని చూసి హెడ్డు విప్పించుకోకండి. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగు ఉంటే అప్పుడు నిజంగా ఆలోచించాలి. తేల్చేది రసాయన పరీక్ష. డబ్బా మూతి దగ్గర నీలం ద్రవం ఉన్న గొట్టం పెట్టి లోపలి గాలిని పీలుస్తారు. ద్రవం పసుపుకి తిరిగితే సిలిండర్‌లోని పొగ కూలెంట్‌లోకి వస్తోంది.

ప్రశ్నలుంటే అడగండి.

సభలోంచి: కారడం ఆపే పొడులు, ద్రవాలు అమ్ముతారు కదా, వేయొచ్చా?

ఊరు చేరడానికి వేరే దారి లేనప్పుడు, సూది మొనంత కారడానికి వేయొచ్చు. రంధ్రాన్ని మూసే పదార్థానికి ఏది రంధ్రమో, ఏది సన్నటి దారో తెలియదు. హీటర్ కోర్‌నీ, రేడియేటర్ గొట్టాల్నీ కూడా పూడ్చేస్తుంది. వేస్తే తర్వాత మొత్తం కడిగించాలి. తెగిన పైపుకీ, పోయిన పంపుకీ అది పనిచేయదు.

సభలోంచి: ఎలక్ట్రిక్ బండిలో కూడా కూలెంట్ దీపం వెలిగింది, అందులో ఇంజన్ లేదు కదా?

ఇంజన్ లేదు గానీ బ్యాటరీ, మోటారు, ఇన్వర్టర్ ఉన్నాయి, వాటినీ కూలెంటే చల్లబరుస్తుంది. ఎర్ర దీపమైతే ఆపండి. కానీ నీళ్లు పోయకండి. కొన్ని బండ్లకు కరెంటు సరిగా పారనివ్వని ప్రత్యేక కూలెంట్ వాడతారు, అందులో కుళాయి నీళ్లు పోస్తే ఖరీదైన తప్పవుతుంది. నారింజరంగు వైర్లు ఎక్కడున్నా ముట్టుకోవద్దు. హైబ్రిడ్ అయితే చాలాసార్లు రెండు డబ్బాలుంటాయి, ఇంజన్‌కి ఒకటి, ఇన్వర్టర్‌కి ఒకటి, ఏది తగ్గిందో చూసుకోండి. బానెట్ ఎత్తే ముందు బండి పూర్తిగా ఆఫ్ చేయండి. మీటర్ బోర్డు మీద "రెడీ" అని చూపిస్తుంటే, చప్పుడు లేకపోయినా ఇంజన్ తనంతట తాను స్టార్ట్ అవుతుంది.

సభలోంచి: కింద కారిన కూలెంట్‌ని ఏం చేయాలి?

ఇసకో పాతగుడ్డో వేసి పీల్పించి, మిగిలింది నీళ్లతో బాగా కడిగేయండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొద్దిగా పోయినా కిడ్నీలు పాడై చచ్చిపోతాయి. పిల్లల చేతికి అందేచోట సీసా పెట్టొద్దు, తాగే నీళ్ల సీసాలో పోసి దాచడం అసలే వద్దు. ఎవరైనా మింగితే బాగానే ఉన్నట్టు కనిపించినా వెంటనే ఆసుపత్రికే. పాత కూలెంట్‌ని డ్రైనేజీలో పోయకుండా వర్క్‌షాప్‌కి ఇచ్చేయండి.

సభలోంచి: డబ్బాలో కూలెంట్ నిండుగానే ఉంది, అయినా మట్టం దీపం అప్పుడప్పుడూ వెలుగుతోంది. సెన్సరు తప్పా?

కావచ్చు. డబ్బా అడుగున ఒక తేలే బిళ్ల, దాంట్లో అయస్కాంతం ఉంటాయి, మట్టి పేరుకుంటే ఆ బిళ్ల కిందనే పట్టేస్తుంది. ఇంకో రకం సెన్సర్లలో రెండు కడ్డీల మధ్య కూలెంట్ గుండా కరెంటు పారాలి. అక్కడ ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోస్తే కరెంటు పారక, నిండుగా ఉన్నా ఖాళీ అంటుంది. తేల్చుకోవడానికి ఒక పని చేయండి. చల్లటి ఇంజన్ మీద, చదునైన ఒకే చోట, డబ్బా బయట మట్టం దగ్గర టేపు ముక్క అతికించండి. రెండు వారాలు ప్రతి ఉదయం స్టార్ట్ చేసే ముందు అదే చోట చూడండి. మట్టం టేపు దగ్గరే ఉండి దీపం వెలుగుతుంటే డబ్బా కడిగించి సెన్సరు చూపించండి. టేపు కిందికి దిగితే దీపం నిజమే చెబుతోంది, ఇందాక చెప్పిన గాలి కొట్టే ప్రెషర్ టెస్ట్ చేయించండి.